ఎరుపెరుగని కెంపన్న

"పచ్చిమిరపకాయలు కోసుకు రారా అంటే పండుమిరపకాయలు కోసుకొచ్చాడు! ఇవి దోసకాయ పచ్చడికి పనికొస్తాయా, నా తలకు పనికొస్తాయా?" అంటూ లత్తుకమ్మ చేటను వంటింటి గడప మీద విసిరినట్టే పెట్టింది.

"పండువైతే మాత్రం మిరపకాయలు కావూ? రోట్లో వేసి నూరు. ఏదైనా కారమే," అంది అత్తగారు సింధూరమ్మ, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

"మీరిలా వెనకేసుకొచ్చే వాణ్ణిలా తయారుచేశారు. ఈ పచ్చడి పెడితే మీ అబ్బాయి ముద్ద ముట్టుకుంటారా?"

"ముట్టుకోకేం? నా చేతి వంట తిన్నన్నాళ్ళూ వాడు ఏది పెడితే అది తిన్నాడు. నాలుక్కి ఈ వంకలన్నీ తరవాత వచ్చినవే."

"అంటే నేనొచ్చాకే వచ్చాయంటారు!"

"నేనెక్కడన్నానే? నీ అంతట నువ్వే అన్నావు."

కెంపన్న స్తంభానికి ఆనుకుని నోరు మెదపకుండా నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళ యువకుడు; నీళ్ళ బానలు మోసి బలిసిన భుజాలు, గునపం పట్టి కాయలు కాసిన అరచేతులు. చేటలో ఉన్నవి పచ్చివో పండువో అతనికి ఇప్పటికీ తెలియదు. పచ్చిమిరపా, పండుమిరపా, ఆకూ, నెత్తురూ అతని కంటికి ఒకే మసక వన్నె. రోజూ వేళ్ళతో నొక్కి చూసి కోసేవాడు. ఇవాళ తొందరలో నొక్కడం మరిచాడు.

ఈ సంగతి ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. అక్క చెంగావికి. ఆమె ఇప్పుడు ఇంట్లో లేదు. తోటి ఆడవాళ్ళతో కలిసి, ఎర్ర రంగునిచ్చే చిరువేరు తవ్వడానికి కారుకోన అడవికి వెళ్ళింది.

శోణపురి రాజ్యమంతా ఎరుపు మీద బతికేది. కోట బురుజుల మీద జెండాలు ఎరుపు, రాణివాసపు కోకలు ఎరుపు, ఓడలెక్కి ద్వీపాంతరాలకు పోయే బట్టల మూటలు ఎరుపు. ఆ ఎరుపును పుట్టించేది అద్దకపు వాడ. పటిక పట్టించిన నూలును చిరువేరు మరిగిన బానలో ముంచి తీస్తే, పొద్దుటి సూర్యుణ్ణి పిండి దండెం మీద ఆరేసినట్టుండేది. వాడలో బిడ్డ పుడితే ఎరుపు పేరే పెట్టేవారు. పెద్దయ్యాక చాయపరీక్ష పెట్టేవారు. పచ్చ నూలు కండెల గుట్టలోంచి ఒకే ఒక్క ఎర్ర కండెను ఏరి బాన ముందుంచాలి. ఏరలేనివాడు 'చాయ తప్పినవాడు'. వాడు బాన ముట్టకూడదు, వాడలో ఉండకూడదు. కెంపన్న ఆ పరీక్షను వేళ్ళతో గెలిచాడు. పటిక తిన్న నూలు గరుకుగా తగులుతుందని అక్క రహస్యంగా నేర్పింది. ఆనాటి నుంచి అతను ఒక నియమం పెట్టుకున్నాడు. తన కంటికి కనిపించింది ఎవరికీ చెప్పకూడదు. చెబితే దొరికిపోతాడు. అందులోనూ తండ్రి జేగురయ్య వాడకు పెద్ద. చాయ తప్పినవాణ్ణి ఊరి పొలిమేర దాటించేది ఆయనే.

అత్తాకోడళ్ళ వాదం మిరపకాయల నుంచి పెళ్ళినాటి పట్టుచీర దాకా వెళ్ళేసరికి వీధిలో గుర్రపు డెక్కల చప్పుడు పిడుగుల్లా వినిపించింది. నురగలు కక్కుతున్న గుర్రమొకటి వాకిట్లోకి దూసుకొచ్చి ముంగాళ్ళ మీద కూలింది. జీను మీద భటుడున్నాడు. భుజాల పైన తల లేదు. తల ఉండవలసిన చోట ఎవరో పచ్చని తీగల గుత్తి నాటి, మొండేన్ని జీనుకు బిగించి కట్టారు.

లత్తుకమ్మ కెవ్వుమని అత్తగారిని కౌగిలించుకుంది.

వెనకే దండనాథుడు రణభల్లటుడు వచ్చాడు. చెంప మీద పాత గాటు, తాటిబోదెలాంటి ఛాతీ, పిడుగులాంటి గొంతు. అతని వెంట సైనికుల పటాలం ఒకటి నిలిచింది.

"జేగురయ్యా! కారుకోనలో వేర్లు తవ్వుతున్న మీ ఆడవాళ్ళను హరితదంష్ట్రుడు పట్టుకుపోయాడు. వాళ్ళ కాపలాకు పంపిన నా మనుషుల్లో తిరిగొచ్చింది ఇదుగో, ఈ మొండెం ఒక్కటే," అన్నాడు.

హరితదంష్ట్రుడి పేరు వినగానే వాడంతా తలుపులు మూసుకుంది. ఎరుపన్నది లోకంలో ఉండకూడదని పంతం పట్టిన మాంత్రికుడతను. అతని పత్రభటులు ఒంటికి మంత్రపు పసరు పూసుకుని ఆకుల్లో కలిసిపోతారు. వాళ్ళ కొడవలి మెడకు తగిలేదాకా ఏ కంటికీ ఆనరు.

"నీ కూతురు బతికే ఉంది. వాడు వెంటనే చంపడు, రోజులకొద్దీ పిండుతాడు," అన్నాడు రణభల్లటుడు. "వేర్లు తవ్వే చోటికి దారులు తెలిసినవాడు ఒకడు కావాలి. ఇప్పుడే."

అరుగు మీదున్న జేగురయ్య లేచాడు. అప్పటికే కెంపన్న మూలనున్న గునపం అందుకున్నాడు.

"నాన్నా, నీ మోకాళ్ళు ఆ ఎక్కుడు ఎక్కలేవు. అక్కను నేను తెస్తాను."

"నువ్వా? మిరపకాయలు తేలేనివాడివి!" అని తల్లి ఏడుస్తూ చొక్కా పట్టుకుంది. కెంపన్న ఆ చేతిని విడిపించుకుని, సైనికులు తెచ్చిన గుర్రమొకటి ఎక్కాడు.

కారుకోన! మద్దులూ, ఏగిసలూ, నల్లజీడులూ కొమ్మకు కొమ్మ పెనవేసి, మిట్టమధ్యాహ్నపు ఎండను ఆకుల జల్లెడ పట్టి పుప్పొడిలా కిందికి రాల్చే మహారణ్యం. ఏనుగు తొండాలంత తీగలు ఒక చెట్టు మెడ మీంచి ఇంకో చెట్టు మెడ మీదికి ఊయలలు కట్టాయి. బండలన్నీ నాచు శాలువాలు కప్పుకున్నాయి. లోయలో ఎక్కడో జలపాతం మద్దెల వాయిస్తోంది. ఇంత అందంలోనూ ఒక్క పిట్ట కూత లేదు.

గుర్రాలను దిగువన వదిలి సైనికులు బారుగా ఎక్కుతున్నారు. ముందు రణభల్లటుడు, పక్కన కెంపన్న.

కెంపన్న తలెత్తి చూశాడు. చెట్ల మీద మనుషులున్నారు. ప్రతి పెద్ద కొమ్మ మీదా ఒకడు గొంతుకూర్చున్నాడు. నడుముకు ఆకులు, చేతిలో కొడవలి. చుట్టూ ఉన్న ఆకులు గాలికి తళుక్కుమంటున్నాయి. పసరు పూసిన ఆ ఒళ్ళు మాత్రం కాల్చని కుండల్లా మొద్దుగా, మెరుపు లేకుండా ఉన్నాయి. ఇంత బాహాటంగా కూర్చున్నవాళ్ళు శత్రువులెలా అవుతారు? దండనాథుడు ముందుగా పంపిన కాపలా వాళ్ళే అనుకున్నాడు. దండనాథుడు కూడా తలెత్తి, సరిగ్గా అటే చూసి, మళ్ళీ నడక సాగించాడు కదా! అయినా ఒకసారి అడుగుదామని మాట నాలుక చివరి దాకా వచ్చింది. అడిగితే, నీకేం కనబడుతోందిరా అని ఎదురడుగుతారు. కెంపన్న నోరు మూసుకున్నాడు.

మూసుకున్న ఆ నోరు బారులో సగం మందిని చంపింది.

చిలుక కూత ఒకటి వినిపించింది. కొమ్మలన్నీ ఒక్కసారి వంగాయి. మొదటి కొడవలి జెండా పట్టుకున్నవాడి గొంతులో దిగి వెనక నుంచి బయటికొచ్చింది. రెండో కొడవలి ఒకడి రెండు చేతులూ మోచేతుల దగ్గర తెంచింది. అతను తన చేతుల కోసం నేల మీద వెతుకుతూనే కూలిపోయాడు. "ఎక్కడ? ఎక్కడున్నార్రా?" అని అరుస్తూ సైనికులు ఉత్త ఆకులను పొడుస్తున్నారు. ఒకడి పక్కనే పత్రభటుడు నిలబడి, తాపీగా జుట్టు పట్టి తల వెనక్కి వంచి కోశాడు. ఆ సైనికుడు ఆఖరి క్షణం దాకా ఎదురుగా ఉన్న పొదనే నరుకుతున్నాడు.

అప్పుడర్థమైంది కెంపన్నకు. వీళ్ళెవరికీ వాళ్ళు కనబడటం లేదు. తనకు కనబడుతున్నారు.

"దొరా! మీ ఎడం పక్క మద్దిచెట్టు! కింది కొమ్మ!"

"అక్కడ ఆకులున్నాయి కదరా!"

"ఆకులు కాదు, మనిషి! దూకబోతున్నాడు! కొట్టండి!"

రణభల్లటుడు నమ్మాడో, విసుగొచ్చి విసిరాడో, ఈటె వదిలాడు. గాలిలో కెవ్వున కేక. పొట్టలో ఈటెతో పత్రభటుడు దబ్బున అతని కాళ్ళ ముందు పడ్డాడు. ప్రాణం పోగానే పసరు మంత్రం విడిపోయి శవం అందరికీ కనిపించింది.

"ఇంకా చెప్పు!" అని గర్జించాడు దండనాథుడు.

కెంపన్న చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెప్పనంత గట్టిగా చెప్పాడు. "మీ వెనక! వంగండి! కుడివైపు బండ మీద ఇద్దరు! నడుమెత్తున కొట్టండి! ఇంకా కిందికి!" అతని కేక ఎటు పోతే కత్తులటు పోయాయి. తన మీదికి దూకినవాణ్ణి కెంపన్న గునపంతో ఎదుర్కొన్నాడు. గునపం మొన దవడ కింద దిగి మాడులోంచి పొడుచుకొచ్చింది. లాగబోతే రాలేదు. శవం రొమ్ము మీద కాలు వేసి ఊడబెరికి, దాన్ని తిప్పి ఇంకొకడి మోకాలు విరగ్గొట్టాడు. నాచు మీద కాళ్ళు జారుతున్నాయి. తడి నీళ్ళదో నెత్తురుదో అతనికి తెలియదు.

కొంతసేపటికి కేకలు ఆగాయి. నిలబడి ఉన్నది రణభల్లటుడూ, కెంపన్నా. మిగిలినవాళ్ళలో ప్రాణమున్నవాళ్ళు లేవలేని స్థితిలో ఉన్నారు. గాయపడిన పత్రభటుడొకడు పొదల్లోకి పారిపోయాడు.

"వాడు గుహకే పోతాడు. నెత్తురు చార పెట్టుకుంటూ పోతున్నాడు. పద, ముందు నడువు. నీ కళ్ళు గద్ద కళ్ళు," అన్నాడు దండనాథుడు.

కెంపన్న గడ్డిలోకి చూశాడు. "ఏ చార దొరా?"

"ఎదురుగా ఉందిగా! మేకను కోసినట్టు కారిందే!"

కెంపన్న గునపాన్ని నేలకు ఆనించాడు. "నాకు కనబడదు దొరా. ఎరుపుకీ పచ్చకీ నాకు తేడా తెలియదు. పుట్టినప్పటి నుంచీ ఇంతే. వాళ్ళు చెట్ల మీద కూర్చుని ఉండగానే చూశాను. మీ మనుషులనుకున్నాను. అడిగితే నా గుట్టు బయటపడుతుందని అడగలేదు."

రణభల్లటుడు తెగిపడిన తలల వైపు ఒకసారి చూశాడు. అందులో ఒకటి అతని మేనల్లుడిది. తిరిగి చూసి పిడికిలితో కెంపన్న మొహం మీద గుద్దాడు. పెదవి చిట్లి కెంపన్న వెల్లకిలా పడ్డాడు. కత్తి మొన వచ్చి గొంతు మీద నిలిచింది. కెంపన్న కళ్ళు మూసుకోలేదు.

కత్తి మెల్లగా పైకి లేచింది.

"లే. నెత్తురు నేను చూస్తాను. మనుషుల్ని నువ్వు చూడు. ఇకమీద నీ కంటికి కనబడింది నోట్లో దాచుకున్నావో, ఆ నాలుక నేనే కోస్తాను."

ఇద్దరూ శవాల నడుముకున్న సొరబుర్రల్లోంచి పసరు తీసి ఒళ్ళంతా పూసుకుని, ఆకులు కట్టుకున్నారు. ఒకరికొకరు కనబడని పత్రభటులు దారిలో ఢీకొనకుండా చిలుక కూత కూస్తారని కెంపన్న గమనించాడు. అతను చక్కగా కూశాడు. దండనాథుడు కూస్తే దూడ అంబా అన్నట్టుంది.

"దొరా, మీరు నోరు విప్పకండి. ఇద్దరి కూతా నేనే కూస్తాను."

"నోరు మూసుకోమని నాకే చెప్పేంత వాడివయ్యావన్నమాట!" అని గొణిగాడు రణభల్లటుడు. అయినా మూసుకున్నాడు.

నెత్తురు చార జలపాతం వెనక ఉన్న గుహలోకి తీసుకెళ్ళింది. లోపల దేవేంద్రుడి కొలువుకూటమంత విశాలమైన చావడి. గోడలన్నీ నాచు మకమల్లు, కప్పంతా ఆకుల పందిరి, పందిరి సందుల్లో మరకతాలు చిలకరెక్కల కాంతిని చిమ్ముతున్నాయి. నడిమధ్య పీఠం మీద హరితదంష్ట్రుడు కూర్చున్నాడు. పెదవులు దాటి వంగిన కోరలకు పాచి పట్టింది. తల నుంచి జడలు తీగలై, ఆకులు తొడిగి, నేలంతా పాకి, స్తంభాల దగ్గర వరసగా ఆడవాళ్ళను బంధించాయి. వాళ్ళ మణికట్లలోకి తీగల ముళ్ళు దిగబడి చుక్కచుక్కగా నెత్తురు తాగుతున్నాయి. తాగిన చోటల్లా కొత్త చిగురు. మొదటి స్తంభానికి చెంగావి వేలాడుతోంది. తల ఒరిగిపోయింది. పెదవులు పాలిపోయాయి.

కెంపన్న ఒక్క అడుగు వేశాడో లేదో హరితదంష్ట్రుడు ముక్కుపుటాలెగరేశాడు.

"చిరువేరు కంపు!"

జడలు పాముల్లా లేచి, ఒంటి మీది పసరును పీల్చేస్తూ ఇద్దర్నీ చుట్టేశాయి. రణభల్లటుడి పక్కటెముకలు పటపటమన్నాయి. గునపం గణగణమంటూ దూరంగా దొర్లింది. మాంత్రికుడు దగ్గరికొచ్చి కెంపన్న గడ్డం పట్టి, కళ్ళలోకి తొంగి చూసి, విరగబడి నవ్వాడు.

"నా వాళ్ళను చూసి చెప్పినవాడెవడా అనుకున్నాను. ఎరుపెరుగనివాడివా! ఒరే వెర్రివాడా, ఈ లోకంలో నేను భయపడేది మీ జాతికొక్కదానికే. మీరు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఉండీ, నలుగురిలో నవ్వులపాలవుతామని నోరు కుట్టుకుని బతుకుతారు. మీరలా ఉన్నన్నాళ్ళూ నాకు చావు లేదు!"

కెంపన్నకు ఆ మాట గుద్దు కంటే గట్టిగా తగిలింది.

మాంత్రికుడు మరకతపు భరిణె తెరిచాడు. "చూడు. ఇది శోణాంజనం. కంటికి పెట్టుకుంటే అందరూ చూసేదే నువ్వూ చూస్తావు. చాయ తప్పినవాడివని నిన్నెవడూ అనడు. నీ అంతట నువ్వు పెట్టుకుంటేనే పనిచేస్తుంది. రెండు కళ్ళకూ పెట్టుకో, అక్కను తీసుకుని ఇంటికి పో."

ఒక తీగ సడలి కెంపన్న కుడిచేతిని వదిలింది. పుట్టినప్పటి నుంచీ ఆశపడ్డది అతని కళ్ళ ముందుంది. చెయ్యి అతని ప్రమేయం లేకుండానే భరిణెలోకి పోయింది. ఎడమ కంటికి అంజనం పెట్టుకున్నాడు.

లోకం అంటుకున్నట్టయింది. చెంగావి మణికట్టు నుంచి కారుతున్న సన్నని ధార చప్పుడు లేకుండా కేకలు పెడుతోంది. ఆమె కోక అంచు, నుదుటి బొట్టు, చిట్లిన తన పెదవి తుడుచుకున్న చెయ్యి, అన్నీ ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి. ఎరుపంటే ఇదా! ఇంత అందాన్నా తను పోగొట్టుకున్నది? కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తమ్ముడూ," అని గొణిగింది చెంగావి. "వచ్చావట్రా? నా వెనక ఎవరో ఉన్నట్టుంది, చూడు."

కెంపన్న ఎడమ కంటితో చూశాడు. అక్క వెనక నాచుగోడ, ఆకులు. ఎవరూ లేరు. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాడు. అక్క వెనక ఒకడు కొడవలి ఎత్తి సైగ కోసం చూస్తున్నాడు. దండనాథుడి వెనక ఇంకొకడు. తనకు మూరెడు దూరంలోనే మరొకడు, ఎవరి కంటికీ ఆననన్న ధీమాతో, కొడవలిని వదులుగా వేలాడేసి ఆవలిస్తున్నాడు.

"రెండోది కూడా పెట్టుకో," అన్నాడు హరితదంష్ట్రుడు తియ్యగా.

"పెట్టుకుంటాను," అంటూ కెంపన్న చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి భరిణె మీంచి పోయి ఆవలిస్తున్నవాడి చేతిలోని కొడవలిని లాక్కుంది. అదే ఊపులో వాడి గొంతు తెగింది. రెండో వేటు మాంత్రికుడి జడల మీద పడింది.

తెగిన జడలు చిక్కని పసరు కక్కుతూ నేల మీద గిలగిలా కొట్టుకున్నాయి. బందీలంతా స్తంభాల మీంచి జారిపడ్డారు. మాంత్రికుడి ఆర్తనాదానికి కప్పులోని మరకతాలు పగిలి వానలా రాలాయి. కెంపన్న ఎడమ కన్ను మూసుకునే అరిచాడు.

"దొరా! వెనక్కి తిరక్కండి, మోచేత్తో పొడవండి! ఆఁ! ఇప్పుడు కత్తి అడ్డంగా!"

రణభల్లటుడు మోచేత్తో ఒకడి ముక్కు పగలగొట్టి, కత్తి అడ్డంగా తిప్పి వాడి నడుము సగానికి నరికాడు. చెంగావి వెనకున్నవాడు కొడవలి దించబోయాడు. కెంపన్న గునపం మీదికి దూకి, పడ్డచోటి నుంచే విసిరాడు. గునపం గుండెలో దిగి, వాణ్ణి నాచుగోడకు మేకు కొట్టినట్టు నిలబెట్టింది. హరితదంష్ట్రుడు మంత్రదండమెత్తాడు. దండనాథుడి కత్తి మెరిసింది. దండంతో సహా ఎడమచెయ్యి భుజం దగ్గర తెగి పీఠం మెట్ల మీద దొర్లింది.

"ఒక్క చెయ్యి తీశారు కదా!" మాంత్రికుడు పళ్ళు పటపట కొరికాడు. "చందమామ నిండేలోగా శోణపురిలో ఎర్రదన్నది మిగలదు. పొయ్యిలో నిప్పు కూడా!" అంటూ వేయి చిలుకలుగా విడిపోయి, జలపాతాన్ని చీల్చుకుని ఎగిరిపోయాడు.

వాగు ఒడ్డున కెంపన్న అక్క మణికట్లకు కట్లు కట్టాడు. తరవాత వంగి దోసిళ్ళతో ఎడమ కన్ను కడుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఎందుకురా? ఒక కంటికైనా ఉంచుకో. ఎన్నాళ్ళు ఏడ్చావు దాని కోసం," అంది చెంగావి.

"బాగుందక్కా. చాలా బాగుంది," అన్నాడు కెంపన్న కడుగుతూనే. "కాని ఆ కంటికి నీ వెనకున్నవాడు కనబడలేదు."

నీళ్ళలో అంజనం చార కరిగి పోయింది. అది ఏ రంగులో పోతోందో కాసేపు కనబడింది, తరవాత కనబడలేదు.

మర్నాడు మధ్యాహ్నం జేగురయ్య ఇంట్లో విస్తళ్ళు పరిచారు. వేరు తవ్వే ఆడవాళ్ళంతా ఇళ్ళు చేరారని, గాయపడిన సైనికులను కోటకు చేర్చారని వాడంతా సంబరంగా ఉంది. పెరటి వైపు తలుపు తీసి ఉంది. జేగురయ్య, రణభల్లటుడు, కెంపన్న బారుగా కూర్చున్నారు. చెంగావి గోడకు ఆనుకుని ఉంటే సింధూరమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది.

"ఇంకో గరిటె వెయ్యమ్మా," అని దండనాథుడు పప్పు కోసం విస్తరి ముందుకు జరిపాడు. "మహారాజు మీవాణ్ణి సభకు పిలిచారు. మాంత్రికుడు పారిపోయి చేరిన కోట మీదికి పోయే సేనకు ఇతనే కళ్ళు. ఎరుపూ పచ్చా ఒకటిగా కనబడబట్టి కదా, అంతమందిని పట్టిచ్చాడు!"

జేగురయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. లత్తుకమ్మ గరిటె పప్పులోనే ఉండిపోయింది.

"ఏమిటీ? చాయ తప్పి..." జేగురయ్య మాట పూర్తిచేయలేకపోయాడు. "నా కడుపున పుట్టినవాడా?"

"మీ కడుపునెందుకు పుడతాడు, నా కడుపున పుట్టాడు," అంది లత్తుకమ్మ. "నిన్న మిరపకాయలకు నేను వాణ్ణెన్నెన్ని మాటలన్నాను!"

జేగురయ్య గొంతు తగ్గించి అన్నాడు. "ఒరే, అమ్మవారు కలలో కనబడి దివ్యదృష్టి ఇచ్చిందని చెప్పు. సభలోనూ అదే, వాడలోనూ అదే. నీకు పల్లకీ పడతారు. చాయ తప్పిన సంగతి ఈ నాలుగ్గోడలు దాటకూడదు. దాటితే, వాడ పెద్దగా నిన్ను పొలిమేర దాటించాల్సింది నేను. నా చేత ఆ పని చేయించకు."

"మంచి మాటే," అంది సింధూరమ్మ. "అమ్మవారు ఏమీ అనుకోదులే."

కెంపన్న తలుపులోంచి పెరట్లోకి చూస్తూ ఉన్నాడు.

"వరమని చెప్పను నాన్నా. వరమంటే నేనొక్కణ్ణే అవుతాను. నాలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారని వాడే చెప్పాడు. వాళ్ళూ నాలాగే కాయలు నొక్కి చూస్తూ, నోరు మూసుకుని కూర్చుని ఉంటారు. సభలో నిలబడి, నాకు ఎరుపు తెలియదు అనే చెబుతాను. రాజ్యమంతా దండోరా వేయించమంటాను. ఎరుపు తెలియనివాళ్ళందరూ రండి, మీరు కావాలి అని. ఆ సేనతో కోట మీదికి పోతాను. వాడ వెలేస్తే వెలేయనీ."

"ఆ మాట నా మొహం చూసి చెప్పరా!" జేగురయ్య కసిరాడు. "పెరట్లోకి చూస్తూ చెబుతావేం?"

"నీ మొహం చూస్తే వాడు తప్పించుకుంటాడు నాన్నా," అన్నాడు కెంపన్న, గొంతు ఏమాత్రం మార్చకుండా, ముద్ద కలుపుతూనే. "ఎవరూ తల తిప్పకండి. అరటిచెట్ల మధ్య ఇద్దరున్నారు. ఒకడు గోడ దిగుతున్నాడు. అమ్మా, నువ్వు అన్నం వడ్డిస్తున్నట్టే వంగి నాన్నమ్మ పక్కకు జరుగు."

రణభల్లటుడి ఎడమచెయ్యి నెమ్మదిగా పీట పక్కనున్న కత్తి పిడి మీదికి పోయింది. జేగురయ్య కంటికి పెరట్లో ఉన్నవన్నీ అరటాకులే. గాలికి ఊగుతున్న వట్టి ఆకులు. ఆయన ఎంగిలిచేత్తోనే పొయ్యి పక్కనున్న రోకలి అందుకుని, కొడుకు వైపు ఒరిగాడు.

"ఎటువైపురా?" అని అడిగాడు.